వాల్వు మూసిన తర్వాత

ఓబులేసు భార్య హేమావతి పుట్టింటికి వెళ్ళి నలభై రోజులైంది. ఏడు నెలల కూతురినీ వెంట తీసుకుపోయింది.

కూతురి అన్నప్రాసనకు హేమావతి పూజారిని పిలిపించింది. ఓబులేసు పుస్తకాలు చదివినవాడు. చుట్టాలందరి ముందు లేచి నిలబడి మూఢనమ్మకాల మీద మాట్లాడాడు. అక్కడినుంచి స్త్రీ స్వేచ్ఛ మీదికి వెళ్ళాడు. ఆడదానికీ గొంతు ఉండాలన్నాడు. ఆ గంటలో హేమావతికి ఒక్క మాటకూ సందు దొరకలేదు. మరుసటి రోజు పొద్దున బస్సెక్కింది.

ఆమె ఆరేసిన పిల్ల చొక్కా ఒకటి దండెం మీద ఉండిపోయింది. ఓబులేసు దాన్ని తీయలేదు. రోజూ కొంచెం పక్కకు జరిపి తన బట్టలు ఆరేసుకుంటున్నాడు.

ప్రొద్దుటూరులో అతను పని నేర్చుకుంటున్నది దస్తగిరి ఉస్తాద్ దగ్గర. ముప్పై ఏళ్ళుగా ఏసీలు బాగుచేస్తున్న మనిషి. మాట తక్కువ.

ఆ రోజు ఇద్దరూ ఒక ట్రస్టు ఆసుపత్రికి వెళ్ళారు. డయాలిసిస్ గదిలో ఏసీ కంప్రెసర్ ఏడాదిలో రెండోసారి కాలిపోయింది. రోగులు చేతుల్లో సూదులతో నాలుగేసి గంటలు ఆ ఉక్కలోనే పడుకుంటున్నారు. వెంట వచ్చినవాళ్ళు పేపర్లతో విసురుతున్నారు.

"పేదల ప్రాణమంటే అంత అలుసు ఉస్తాద్," అన్నాడు ఓబులేసు, పాత కంప్రెసర్ విప్పుతూ. "ముందు వచ్చినోడు గడియారం చూసి పంపు పెట్టినాడు, గ్యాసు కొట్టినాడు, పోయినాడు. లోపల తడి ఉండిపోతే ఇది కాలక ఏమైతాది? ఇది దోపిడీ."

"ఊ. నువ్వు పెట్టు."

ఓబులేసు కొత్త కంప్రెసర్ బిగించాడు. పైపుల్లోని గాలిని లాగేసే వాక్యూమ్ పంపు తగిలించాడు. అది తిరుగుతుండగా కిటికీ బయటి సన్నటి అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు.

"ఉస్తాద్, హేమకు మీరొక మాట చెప్పండి. మీరు చెప్తే వింటాది."

"ఏమని?"

"నేను మారినానని. నాలో ఇప్పుడు కోపం లేదు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి క్షమించమని చెప్తానే ఉండా."

"ఎంతసేపు చెప్తావు?"

"అర్ధగంట. ఒక్కోసారి ఇంగా ఎక్కువే."

"హేమ ఏమంటాది?"

ఓబులేసు ఆలోచించాడు. "నాది చెప్పడం అయిపోతానే పెట్టేస్తా."

పంపు తిరుగుతూనే ఉంది. అర్ధగంట అయ్యేసరికి ఓబులేసు గ్యాసు సిలిండర్ అందుకున్నాడు.

"అయింది ఉస్తాద్. పంపు మీటర్లో ముల్లు పూర్తిగా కింద పడుకుంది."

"అది సోమరి ముల్లు. ఎప్పుడైనా పడుకుంటాది."

ఉస్తాద్ సంచిలోంచి గుడ్డలో చుట్టిన చిన్న మీటరు తీశాడు. మైక్రాన్ గేజ్. లోపల ఇంకా ఎంత మిగిలిందో అంకెల్లో చూపిస్తుంది. అంకె ఎంత తక్కువైతే లోపల అంత ఖాళీ. దాన్ని పంపు దగ్గర కాకుండా, దూరంగా ఏసీ వైపు కొసకు బిగించాడు.

కాసేపటికి అంకె నాలుగు వందల అరవై దగ్గర నిలబడింది.

"చూడండి," అన్నాడు ఓబులేసు. "ఐదొందల లోపలుంటే చాలు గదా. నేను చెప్పలా?"

ఉస్తాద్ వాల్వు మూశాడు. పంపు ఆపేశాడు.

ఒక్కసారిగా చప్పుడు పోయింది. లోపల ఎవరో దగ్గడం వినిపించింది.

"కూర్చో," అన్నాడు ఉస్తాద్.

నాలుగు వందల అరవై. ఆరు వందలు. తొమ్మిది వందలు. ఓబులేసు చెయ్యి పంపు స్విచ్చి మీదికి పోయింది. ఉస్తాద్ ఆ చేతిని పట్టుకుని తీసి, అతని ఒళ్ళోనే పెట్టాడు.

పద్నాలుగు వందలు. పద్దెనిమిది వందలు. అక్కడ ఆగింది.

"ఏడన్నా కంత ఉందా ఉస్తాద్?"

"కంత ఉంటే ఆగేది కాదు, ఎక్కుతానే పోయేది. ఇది తడి. పైపు గోడలకు అంటుకొని ఉంది."

"అర్ధగంట లాగినాం గదా."

"పంపు తిరిగేటప్పుడు అన్నీ ఖాళీగానే కనపడతాయప్పా."

మళ్ళీ పంపు పెట్టారు. మళ్ళీ మూసి కూర్చున్నారు. కిటికీలోంచి ఒక ముసలామె తొంగిచూసింది. "మా ఆయన ఉడికిపోతాండాడు. మీరు ఊరికే కూర్చోనుండారే నాయనా?"

"ఊరికే కాదమ్మా," అన్నాడు ఉస్తాద్. "కొంచేపు."

మూడోసారి వాల్వు మూసి పది నిమిషాలు చూశాక కూడా అంకె ఐదు వందలు దాటలేదు. అప్పుడు గ్యాసు వదిలారు. గదిలోకి చల్లగాలి వచ్చింది. ముసలామె విసురుతున్న పేపరు మడిచి తల కింద పెట్టుకుని పడుకుంది.

ఉస్తాద్ సామాన్లు సర్దుతుంటే ఓబులేసు ఆసుపత్రి మెట్ల మీదికి వచ్చి ఫోన్ చేశాడు. ఆ రోజు ఆదివారం కాదు.

హేమావతి ఎత్తింది. దూరంగా పిల్ల ఏదో ఊకొడుతోంది. చెప్పవలసినవన్నీ అతని నాలుక చివరికి వచ్చాయి.

"హేమా," అన్నాడు. అంతే అన్నాడు.

ఒక నిమిషం గడిచింది. ఇంకొక నిమిషం.

"ఉండావా?" అంది ఆమె.

"ఉండా."

"ఏమన్నా చెప్తావా?"

"లేదు."

తర్వాత, నెమ్మదిగా, "ఆ పొద్దు అందరి ముందర నువ్వు..." అని ఆమె మొదలుపెట్టింది. అతను అన్న మాటలు ఒక్కొక్కటీ తిరిగి చెప్పింది. వాటిలో రెండు అతను అననే లేదు. ఓబులేసు చెవులు వేడెక్కాయి. లేదనుకున్న కోపం మెడ దాకా వచ్చింది.

అతను నోరు తెరవలేదు. ఫోన్ పెట్టేయలేదు.

ఉస్తాద్ సంచి భుజాన వేసుకుని బయటికొచ్చాడు. అతన్ని చూశాడు. సంచి దించి, రెండు మెట్లు కింద కూర్చున్నాడు.