చెయ్యెత్తే ఆచారం

కెప్టెన్ ఆస్గర్ తోరుప్ ఆ మధ్యాహ్నం రెండు రకాల కాగితాలు చంకలో పెట్టుకుని గురువుగారి దగ్గరికి బయల్దేరాడు. ఒకటి ఏడు పేజీల చరిత్ర. రెండోది ఒక్క పేజీ ఉత్తరం. చరిత్ర రాయడానికి మూడు నెలలు పట్టింది. ఉత్తరం పావుగంటలో తయారైంది. కోపంలో రాసేవన్నీ అలాగే గబగబా అయిపోతాయి.

ఈ కథ నాటికి డెన్మార్క్ సైన్యంలో ఫిరంగి రెజిమెంట్లు రెండే మిగిలాయి. ఒకటి జూట్లాండ్‌లో, చెట్టూ చేమా లేని గాలి మైదానంలో. ఇంకోటి సముద్రానికి అవతల, జీలండ్ దీవిలో. రెండింటిదీ ఒకే పుట్టుక. ఎప్పుడో రాజుగారి కోటలో ఒకే గుంపుగా మొదలై, గుర్రాలు పెరిగి, ఫిరంగులు పెరిగి, రెండిళ్లుగా విడిపోయారు. విడిపోయిన అన్నదమ్ముల్లాగే ఒకరి పద్ధతి ఒకరికి గిట్టదు. ఇప్పుడు ఖర్చు తగ్గించాలని, రెండిళ్లనూ మళ్లీ కలిపేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

కలిసిన ఇంట్లో ఎవరి ఆచారం నిలవాలో తేల్చడానికి ఒక సంఘం వేశారు. జూట్లాండ్ తరఫున చరిత్ర రాసే పని ఆస్గర్‌కు అప్పగించారు. అతను దాన్ని ప్రాణం పెట్టి చేశాడు. ఏ రాజు కాలంలో ఎన్ని దళాలు, ఏ దళం కింద ఎన్ని బ్యాటరీలు, ఏ కర్నల్ ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయాడు, అన్నీ గళ్లు గీసి, గీతలు కలిపి, గోడకు వేలాడదీసేంత పటం తయారుచేశాడు. బ్యాటరీ అంటే ఇక్కడ ఆరు ఫిరంగులు, వాటిని అంటిపెట్టుకుని బతికే వందమంది మనుషులు. పటంలో ఆ వందమందీ ఒక చిన్న గడిలో ఇమిడిపోయారు.

ఉత్తరం సంగతి వేరు. అది ఒకే మనిషి గురించి.

సార్జెంట్ రగ్న హోల్క్ జీలండ్ నుంచి బదిలీ మీద వచ్చి మూడు వారాలే అయింది. పద్నాలుగేళ్ల సర్వీసు. ఆస్గర్ బ్యాటరీలో నాలుగో ఫిరంగికి ఆమే నాయకురాలు. అంతకుముందు సోమవారం నాడు సంఘం పెద్దల ముందు ఆరు ఫిరంగులూ ఒక్కసారిగా పేలాలి. గుండు ఎక్కించి గురి సరిచూసుకోగానే ప్రతి ఫిరంగి నాయకుడూ చెయ్యి పైకెత్తాలి. ఆరు చేతులూ లేస్తే, వెనక మట్టిదిబ్బ మీద నిలబడ్డ ఆస్గర్ 'కాల్చండి' అంటాడు. అది జూట్లాండ్ పద్ధతి. జీలండ్‌లో చెయ్యెత్తరు. 'సిద్ధం!' అని కేక వేస్తారు.

ఆ రోజు ఐదు చేతులు లేచాయి. నాలుగో ఫిరంగి దగ్గరిది లేవలేదు. ఆస్గర్ ఎదురుచూశాడు. పెద్దలు గడియారాలు చూసుకున్నారు. నలభై సెకన్లు. ఫిరంగుల లెక్కలో అది తలవంపులే.

"చెయ్యెందుకు ఎత్తలేదు?" అని తర్వాత అడిగాడు.

"కేక వేశాను సార్. మూడుసార్లు వేశాను."

"ఇక్కడి పద్ధతి మీకు చెప్పలేదా?"

"చెప్పారు సార్. పద్నాలుగేళ్ల అలవాటు. చెయ్యి కన్నా గొంతు ముందొచ్చేసింది."

ఆ జవాబులో పొగరేమీ లేదు. కానీ ఆస్గర్ అప్పటికే పెద్దల ముందు పరువు పోయిన మనిషి. ఆమెను ఫిరంగి నుంచి తప్పించి గోదాముకు పంపమని పైవాళ్లకు ఉత్తరం రాసేశాడు. రెజిమెంటు పుట్టిన నాటి నుంచీ వస్తున్న ఆచారాన్ని ఆమె లెక్కచేయలేదన్నాడు. ఆచారం అంత పాతదేనని ఎవరైనా సాక్షి సంతకం పెడితే ఆ ఉత్తరానికి తిరుగుండదు. ఆ సాక్షి కోసమే గురువుగారు.

గురువుగారి పేరు ఓలుఫ్ బిస్గోర్. డెబ్బై రెండేళ్లు. సార్జెంటుగా చేరి సార్జెంటుగానే దిగిపోయాడు గానీ, ఈ రెజిమెంటులో ఉన్న అధికారుల్లో సగం మందికి గురి పెట్టడం నేర్పింది ఆయనే. ఆస్గర్‌కూ అంతే. రిటైరయ్యాక ఇంటిపట్టున ఉండలేక, కవాతు మైదానం పక్కనున్న పాత గుర్రపుశాలలో రెజిమెంటు వస్తువులకు కాపలా ఉంటున్నాడు. పాత గుర్రపు జీన్లు, కత్తులు, గుర్రాలు లాగే ఫిరంగి ఒకటి, నాలుగు బీరువాల పుస్తకాలు. అదే ఆయన రాజ్యం. మనిషికి ఎడం చెవి అసలు వినబడదు. ముసలితనం కాబోలని అందరూ కుడిపక్కకు చేరి మాట్లాడేవారు.

ఆస్గర్ వెళ్లేసరికి ఆయన ఒక తోలుపట్టీకి నూనె పట్టిస్తున్నాడు.

"రండి కెప్టెన్ గారూ. నువ్వొస్తే కాఫీ ఖర్చు."

"మాస్టారూ, ముందు ఇది వినాలి."

"ఎన్ని పేజీలు?"

"ఏడు."

"అయితే రెండు కాఫీలు."

ఆస్గర్ కుడిపక్కన కూర్చుని చదివాడు. రాజులు వచ్చారు, యుద్ధాలు వచ్చాయి, దళాలు చీలాయి, కలిశాయి. ఓలుఫ్ పట్టీ తుడుస్తూనే విన్నాడు. ఐదో పేజీలో చెయ్యెత్తే ఆచారం వచ్చింది. అది రెండు వందల ఎనభై ఏళ్ల నాటిదని, భోజనశాలలో వేలాడే తైలచిత్రమే దానికి రుజువని ఆస్గర్ గొంతు పెంచి చదివాడు. ఆ చిత్రంలో తెల్లగుర్రం మీద ఒక కర్నల్, పక్కన ఫిరంగులు, కర్నల్ చెయ్యి పైకెత్తి ఉంటుంది.

ఓలుఫ్ చేతిలో గుడ్డ ఆగింది.

"ఆ బొమ్మ దగ్గరికెళ్లి చూశావా ఎప్పుడైనా?"

"రోజూ దాని కిందే కదా తింటాను."

"తినేవాడు కంచం చూస్తాడు. ఆయన టోపీ పట్టుకుంటున్నాడు నాయనా. ఇక్కడి గాలికి ఎగిరిపోకుండా."

ఆస్గర్ ముఖం ఎర్రబడింది. ఇంత వయసొచ్చినా ఈయన ముందు తప్పు లెక్క చెప్పిన విద్యార్థిలాగే అయిపోతాడు. ఐనా తగ్గలేదు. ఉత్తరం తీసి ముందు పెట్టాడు. జరిగింది చెప్పాడు. ఆచారం పాతదే కదా, సంతకం పెడితే చాలన్నాడు.

ఓలుఫ్ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. రగ్న హోల్క్ అన్న పేరు దగ్గర వేలుపెట్టి, కాసేపు అక్కడే ఉంచాడు. తర్వాత కర్ర పట్టుకుని లేచాడు.

"రా. ఫిరంగి దగ్గర నిలబడు."

ఆస్గర్ గుర్రపు ఫిరంగి చక్రం పక్కన నిలబడ్డాడు. ఓలుఫ్ పది పదిహేను అడుగుల వెనక్కి నడిచి, తన ఎడంచెవి అతనివైపు తిప్పి, కుడిచెవి అరచేత్తో మూసుకుని నిలుచున్నాడు. చూపు కిటికీలోంచి బయట మైదానం మీదుంది.

"నువ్విప్పుడు ఫిరంగి నాయకుడివి. గుండు ఎక్కింది, గురి కుదిరింది. జీలండ్ పద్ధతిలో చెప్పు."

"సిద్ధం!" అన్నాడు ఆస్గర్.

ముసలాయన కదల్లేదు.

"సిద్ధం!"

పైకప్పు మీది పావురాలు లేచిపోయాయి. ఓలుఫ్ మాత్రం కిటికీ చూస్తూనే ఉన్నాడు. మూడోసారి ఆస్గర్ గొంతు చించుకుని అరిచాడు. గోడలు మోగాయి. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. ఎవరో పిలుస్తారేమోనని ఎదురుచూస్తున్న మనిషి ముఖం అది. ఓపిగ్గా, కొంచెం భయంగా కూడా ఉంది. ఆస్గర్ ఎందుకో చూడలేకపోయాడు. తనకు తెలియకుండానే చెయ్యి పైకెత్తాడు.

ఓరచూపున ఆ చెయ్యి కనబడగానే ముసలాయన తల ఊపాడు.

"కాల్చండి" అన్నాడు మెల్లగా.

తర్వాత బీరువా తెరిచి అట్ట చిరిగిన నోటుపుస్తకం ఒకటి తీశాడు. బ్యాటరీ రోజువారీ ఉత్తర్వుల పుస్తకం. బంగాళాదుంపల పొట్టు ఎవరు తీయాలి, బూట్లు ఎవరికి కావాలి, అలాంటివన్నీ రాసుకునేది. రాజముద్రలున్న కాగితాలన్నీ మూడు నెలలు తిరగేసిన ఆస్గర్ ఇలాంటి పుస్తకాల జోలికి పోలేదు. ఓలుఫ్ ఒక పేజీ తీసి పెట్టాడు. నలభై మూడేళ్ల కిందటి తేదీ. పెన్సిలు రాత.

'రేపటి నుంచి సార్జెంట్ బిస్గోర్ చూసుకునే రెండు ఫిరంగులూ సిద్ధం అని కేక వేయనక్కర్లేదు. చెయ్యెత్తితే చాలు. కారణం అడగవద్దు. - కెప్టెన్ యూల్.'

ఆస్గర్ రెండోసారి చదివాడు. మూడోసారి చదవలేకపోయాడు.

"ఫిరంగి దగ్గర పోయింది ఈ చెవి" అన్నాడు ఓలుఫ్. "రెండోది కూడా అప్పటికే సగమే. బయటపడితే ఇంటికి పంపేస్తారని దాచాను. నాకు ఇది తప్ప వేరే పని రాదు. ఒకరోజు మావాళ్లు సిద్ధం అని నాలుగుసార్లు అరిచినా నేను ఆజ్ఞ ఇవ్వలేదట. అయిపోయిందనుకున్నాను. ఆ సాయంత్రం మూటా ముల్లే సర్దుకున్నాను కూడా. పొద్దున్నే ఉత్తర్వుల పుస్తకంలో ఇది రాసి ఉంది."

"తర్వాత?"

"రెండు ఫిరంగులు ఒకరకంగా, నాలుగు ఇంకోరకంగా ఉంటే బాగోదని మిగతావాళ్లూ చేతులెత్తారు. మమ్మల్ని చూసి పక్క బ్యాటరీ. నేను దిగిపోయేనాటికి మొత్తం రెజిమెంటు."

ఆస్గర్ గొంతు సవరించుకున్నాడు. అడగాలని లేదు, అడగకుండా ఉండలేకపోయాడు.

"కెప్టెన్ యూల్ ఎక్కడివారు మాస్టారూ? నా జాబితాలో ఆ పేరు లేదు."

"రెండేళ్లే ఉన్నాడిక్కడ. జీలండ్ నుంచి బదిలీ మీద వచ్చాడు."

కాఫీ చల్లారిపోయింది. ఓలుఫ్ నెమ్మదిగా కుర్చీలో కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, కలం మూత తీశాడు. ఆస్గర్ తెచ్చిన ఉత్తరాన్ని ముందుకు లాక్కున్నాడు.

"సంతకం ఎక్కడ పెట్టమన్నావు?"

ఆ అడగడంలో ఎత్తిపొడుపు లేదు. నిజంగా పెట్టేవాడే. శిష్యుడు అడిగినదేదీ ఆయన ఎన్నడూ కాదనలేదు. అదే ఆస్గర్‌కు భరించలేనిదైంది. ఉత్తరం మీద చెయ్యి వేసి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. మడతలు పెట్టాడు. ఎన్ని మడతలు పెట్టినా ఇంకా పెద్దదిగానే కనబడింది.

"ఐదో పేజీ మళ్లీ రాయాలి" అన్నాడు చివరికి.

"తొందరేముంది?" అన్నాడు ఓలుఫ్, మళ్లీ తోలుపట్టీ అందుకుంటూ. "రేపు పొద్దున ఫిరంగులున్నాయి కదా నీకు."

మర్నాడు మైదానం మీద గాలి ఈడ్చికొడుతోంది. ఆరు ఫిరంగులూ వరసగా నిలిచాయి. సార్జెంట్ రగ్న హోల్క్ ముఖం పాలిపోయి ఉంది. ఉత్తరం సంగతి ఎలాగో ఆమె చెవిన పడినట్టుంది. కుడిచెయ్యిని ఎడంచేత్తో గట్టిగా పట్టుకుని, ఈసారి మరిచిపోకూడదని దానికే చెబుతున్నట్టు నిలబడింది.

ఆస్గర్ మట్టిదిబ్బ ఎక్కలేదు. గడ్డి తొక్కుకుంటూ నేరుగా నాలుగో ఫిరంగి దగ్గరికొచ్చి, ఆమెకు నాలుగడుగుల దూరంలో ఆగాడు.

ఆమె కంగారుపడింది. "సార్, మీ చోటు అక్కడ కదా, దిబ్బ మీద?"

"అక్కడికి మీ గొంతు వినబడటం లేదు" అన్నాడు ఆస్గర్.