గండుపిల్లి ఓబులేసు చెప్పిన తీర్పు

సుంకులమ్మ ఇంట్లో విత్తనాల గదికి కాపలా నల్లమ్మ అనే పిల్లిది. గదిలో మూడు బస్తాల వేరుశనగ కాయలు ఉన్నాయి. వాన పడగానే చేలో వేయాల్సినవి. వాటి మీద ఎలుక పంటిగాటు పడనంతకాలం నల్లమ్మ సంసారానికి అటక మీద చోటు, రోజూ గిన్నెడు పాలు. గాటు పడిందా, వీధే.

నల్లమ్మ మళ్లీ ఈని రెండు పిల్లల్ని పెట్టింది. ఇంకో నాలుగైదు రోజులు అటక దిగే వీలు లేదు కాబట్టి పెద్దకొడుకు ఓబులేసుని పిలిచింది. వాడికి మీసాలైతే బారెడు పెరిగాయి గానీ ఒళ్లు వంచడం ఇంకా మొదలుకాలేదు. తల్లి పట్టి తెచ్చిన ఎలుకని కూడా తోక తీసి పెడితే గాని తినడు.

"నాయనా, పొద్దునా సాయంత్రం బస్తాల చుట్టూ ఒక తూరి తిరుగు. గోడవార వాసన చూడు. అంతే పని."

"ఇంత పెద్దోణ్ని అయినాక గోడలు వాసన చూసుకుంటా తిరగాల్నా?"

ఈ మాట ముసలి ఎలుక గంగులప్ప చెవిన పడింది. మర్నాడు పొద్దున్నే రెండు కుర్ర ఎలుకల్ని వెంటబెట్టుకొచ్చి, దూరం నుంచే దండం పెట్టాడు.

"పెద్దాయనా! ఈ ఇద్దరూ ఒక కన్నం నాదంటే నాదని కొట్టుకు సస్తాండారు. నువ్వే న్యాయం చెప్పల్ల."

ఎత్తిన పంజా ఓబులేసు దించేశాడు. పుట్టాక వాణ్ని ఎవరూ పెద్దాయనా అనలేదు. అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు మరి.

"నన్నేనా?"

"ఇంకెవురుండారు? అయితే పెద్దమనుషులు నేల మీద తిరగరాదు సామీ. ఆ బోర్లించిన గంప మీద కూచో."

ఓబులేసు బస్తాలకి వీపుపెట్టి, గంపెక్కి కూర్చున్నాడు. విచారణ మూడు రోజులు సాగింది. ఒక ఎలుక తాతలనాటి సంగతులు ఎత్తుకునేది, ఇంకోటి సాక్షుల్ని పిలిచేది. సాక్షులు ఖాళీ నోటితో వచ్చి, బుగ్గలు ఉబ్బించుకుని పోయేవాళ్లు. మన న్యాయమూర్తికి కనబడితేగా! కళ్లు మూసుకుని, "ఊఁ, చెప్పు" అంటున్నాడు.

నాలుగో రోజు తీర్పు వెలువడింది. "కన్నం ఇద్దరిదీ. ఎవురూ ఎవురికీ అడ్డం చెప్పగూడదు."

"ధర్మప్రభువువి!" అని గంగులప్ప కళ్లు తుడుచుకున్నాడు.

ఓబులేసు అటకెక్కి తల్లికి అంతా గొప్పగా చెప్పాడు.

"ఏ కన్నంరా అది?"

"బస్తాల ఎనకాల ఉండేది."

"అది ఆడ ఎందుకుండాదని అడగలేదా?"

"అది ఫిర్యాదులో లేదుమా."

ఆ మధ్యాహ్నం సుంకులమ్మ బస్తా ఎత్తితే దూదిలా లేచొచ్చింది. లోపలంతా పొట్టే. ఈ ఏడు చేలో ఏమేయాలని కాసేపు ఏడ్చి, పిల్లుల్ని తరమడానికి చీపురందుకుంది.

మండుటెండలో నల్లమ్మ ఒక పిల్లని నోట కరుచుకుని గోడ దాటించింది. రెండోదాని కోసం రొప్పుతూ తిరిగొచ్చేసరికి ఓబులేసు ఎదురొచ్చి, "నాకు తిండెప్పుడు పెడతావు మా?" అన్నాడు.

"కండ్లు తెరవని బిడ్డలు రెండే అనుకుంటిని. మూడోవాడివి నువ్వా!" అని ఆమె రెండో పిల్లని కరుచుకుని పోయింది. వాడి కోసం మళ్లీ రాలేదు.

నీతి: ఇంట్లో పుల్ల తీసి పక్కన పెట్టనివాణ్ని "పెద్దాయనా" అని పిలిచేవాడెవడైనా ఉంటే, వాడు ఆ ఇంటికి కన్నం వేస్తున్నాడన్నమాట.