నాచుమొక్క వేరులో గది

రండి, ముందుకి జరగండి తల్లీ. వెనకున్నవాళ్లు కాస్త మోకాళ్లు మడుచుకుంటే ఇంకొందరికి చోటు దొరుకుతుంది. ఇవాళ చెప్పేది ఏనుగు కథా కాదు, సింహం కథా కాదు. బొటనవేలి గోరంత ప్రాణిది. పాలసముద్రం మీద పడుకున్న స్వామి లోకాలన్నీ చూస్తాడంటారు కదా, ఈ ఉప్పుసముద్రం అడుగున జరిగినదాన్ని కూడా చూశాడని నా నమ్మకం.

చల్లటి సముద్రాల్లో పెద్ద పెద్ద నాచుమొక్కలు ఉంటాయి. వేళ్లతో రాయిని పట్టుకుని, మనిషిని మించిన ఆకుని ఊపుతూ నిలబడతాయి. ఆ ఆకుమీద చిన్న నత్తలు కాపురముంటాయి. వీపున గొడుగులాంటి చిప్ప, తేనెరంగుది. దానిమీద నీలపు గీతలు, దీపం పెట్టినట్టు మెరుస్తాయి. వాళ్లు ఉండేది ఆకుమీదే, తినేదీ ఆకునే.

ఏటేటా మొక్క కింద నుంచి కొత్త ఆకు వేస్తుంది. పాత ఆకు పైకి జరిగి, గాలివానకి తెగిపోతుంది. అందుకని వాళ్లలో ఓ ఆచారం. పిల్లలు కొత్త ఆకుమీదికి చేరతారు. ఆ లేతాకు పెద్దవాళ్ల బరువు మొయ్యలేదు. పెద్దవాళ్లు కాడ వెంట కిందికి దిగి, వేరు కొరికి గది చేసుకుంటారు. గదిలో ఉన్నవాళ్లని ఏ కెరటమూ కదపలేదు. ఒంటిమీద నీలం మాసిపోతుంది, చిప్ప మొద్దుబారుతుంది, అయినా అదే గౌరవం. వేరులో గది లేని పెద్దమనిషిని ఎవరూ ఖాతరు చెయ్యరు.

ఓ మొక్కమీద ఒకావిడకి దిగే వేళ వచ్చింది. అక్కచెల్లెళ్ల పిల్లలందరినీ పెంచిన మనిషి, అందరికీ పెద్దమ్మే. కొత్త ఆకుమీద వాళ్లని సర్దిపెట్టి, నెమ్మదిగా పాక్కుంటూ వేరు దగ్గరికి చేరింది. ఖాళీ చోటు చూసుకుని కొరికింది. అంత తియ్యటిది ఆవిడ పుట్టి ఎరగదు.

సగం గది అయ్యేసరికి ఏదో చప్పుడు. తను ఆపినా ఆ కొరుకుడు ఆగలేదు. గోడకి అవతల నుంచి వస్తోంది.

"ఎవరక్కడ?" అంది.

"నేనే వదినా," అన్నాడు మరిది. ఆయన కిందటేడే దిగాడు. "ఇన్నాళ్లకి తీరిందా నీకు, పిల్లల్ని ఊరేగించడం అయిపోయిందా?"

"నీ గది ఇంకా అవలేదా?"

"గది ఎప్పుడో అయింది. ఇది వెనకవైపు వసారా."

ఆవిడ గోడకి పాదం ఆనించింది. అవతల ఆయన కదిలితే ఇవతల తెలుస్తోంది. పక్క వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూసింది. అన్నీ గదులే. మొక్కని రాయికి పట్టి ఉంచుతున్నది ఇక ఈ గోడ ఒక్కటే. ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఎవరి గది వాళ్లే చూసుకున్నారు, విడిగా చూస్తే ఏ గదికా గది చిన్నదే మరి.

మరిదికి చెప్పింది. ఆయన నవ్వాడు. గోడ పోతే గదులు కలుస్తాయి, పొద్దుపోవడానికి కబుర్లాడుకోవచ్చు అన్నాడు. మొక్క ఎలా నిలబడుతుందంటే, ఇన్నాళ్లూ నిలబడలేదా అన్నాడు. పైన పిల్లలున్నారంది. వాళ్లూ రేపు దిగేవాళ్లేగా అన్నాడు. అంటూనే కొరుకుతున్నాడు.

నీళ్లు బరువెక్కుతున్నాయి. గాలివాన వస్తోంది. ఇంకొంచెం కొరికితే ఆవిడ ఒళ్లు పట్టే గది అవుతుంది. నోట్లో తీపి ఇంకా ఉంది.

ఆవిడ నోరు మూసుకుంది. వెనక్కి తిరిగి కాడ ఎక్కింది.

కొత్త ఆకు దాటుతుంటే పిల్లలు ఆటపట్టించారు. దారి తప్పావా పెద్దమ్మా అన్నారు. ఈ వయసులో షికార్లేమిటన్నారు. గది కుదరలేదా అని ఓ పిల్ల అడిగింది.

"రుచి బాగాలేదమ్మా," అంది. వెళ్లి పాత ఆకుమీద కూచుంది.

గాలివాన వచ్చింది. చుట్టుపక్కల మొక్కలు వేళ్లతో సహా ఊడి ఒడ్డున పడ్డాయి. ఆ వేళ్లలో పెద్దవాళ్లు ఒక్కరూ చెదరలేదు, గదులు అంత భద్రం. అలాగే భద్రంగా ఎండిపోయారు. ఈ మొక్క మాత్రం ఒక పక్కకి ఒరిగింది, కిర్రుమంది, ఆగింది. పాత ఆకు తెగి, ఆవిడతోపాటే వెళ్లిపోయింది. కొంతదూరం నీలపు గీతలు కనిపించాయి. తరవాత నీళ్లే.

నీళ్లు తేరుకున్నాక మరిది గోడకి ఒళ్లు ఆనించాడు. అవతల చప్పుడు లేదు.

"వదినా," అన్నాడు.

పైన పిల్లలు ఆడుకుంటున్న కదలిక కాడ వెంట దిగి, ఆ గోడ గుండా ఆయన ఒంట్లోకి వచ్చింది. అది ఎప్పుడూ వస్తూనే ఉంది. ఆయన నోరు ఎప్పుడూ ఆగలేదు గనక తెలియలేదు. ఇప్పుడు ఆకలిగా ఉంది. గోడ తియ్యగా ఉంది. ఆయన గోడకి నోరు ఆన్చి, అలాగే ఉన్నాడు.

తరవాత ఏం చేశాడని నన్నడక్కండి నాయనా. మీరు పట్టుకెళ్లాల్సింది ఆవిడ చేసిన పని. నోట్లో తీపి ఉండగానే నోరు మూసుకుని వెనక్కి తిరిగింది. ఆ ఒక్కటీ మరిచిపోకండి. ఇంటికెళ్లాక, మీ గోడకి అవతల ఉన్నవాళ్లకి చెప్పండి.