నల్లబల్ల మీద కొట్టివేతలు

తన పుస్తకాల గురించి దాలినాయుడు మాస్టారు మాట్లాడరు. ఏ పాత్రను ఎవరిని చూసి రాశారని గాని, ఏ కథకు ఎన్నాళ్ళు పట్టిందని గాని అడిగినవారికి చల్లని మజ్జిగ ఇచ్చి సాగనంపుతారు. రాయడం గొప్పదా, రాయడం నేర్పడం గొప్పదా అన్న చర్చ కూడా ఆయన వాకిట్లో సాగదు. ఈ సంగతి సాలూరులో అందరికీ తెలుసు. హైస్కూల్లో ఆయన దగ్గర చదువుకున్న భుజంగరావుకు మరీ బాగా తెలుసు. అయినా ఒక శనివారం సాయంత్రం విశాఖపట్నం బస్సు దిగి నేరుగా వచ్చి, ఆ రాయడం, నేర్పడం గురించే అడిగాడు.

వేరే దారి లేక అడిగాడు. అతని మొదటి రెండు నవలలకూ మంచి పేరు వచ్చింది. ఆ పేరు విని ఒక కళాశాలవారు పిలిచి, కథారచన నేర్పే ఉద్యోగం ఇచ్చారు. అందులో చేరిన నాటినుంచి మూడో నవల సగంలో నిలిచిపోయింది.

"పగలంతా పిల్లల వాక్యాలు దిద్దుతున్నానండి. ఇంటికొచ్చి నా వాక్యం రాయబోతే, అది పుట్టకముందే దాని తప్పు నాకు కనిపిస్తోంది. కొట్టేద్దామన్నా కాగితం మీద ఏమీ ఉండడం లేదు. సోమవారం రాజీనామా ఇచ్చేద్దామనుకుంటున్నాను. ఇల్లు గడవడం కష్టమే. కాని రాత చచ్చిపోయాక జీతం తెచ్చుకుని ఏం చేసుకోను? ఈ రెండు పనులూ ఒక మనిషికి పొసగవని మీరు ఒక్క మాట అనండి, చాలు."

మాస్టారు ఆ మాట అనలేదు. "రేపు ఆదివారం. మనవాళ్ళు వస్తారు. వెనక బల్ల మీద కూర్చో. నోరు మెదపకు" అన్నారు.

మనవాళ్ళంటే, కథలు రాయాలన్న కోరిక ఉండి, ఎలా రాయాలో తెలియక ఆయన్ను ఆశ్రయించినవారు. బస్సు కండక్టరు సింహాచలం, ఆసుపత్రి నర్సు నూకరత్నం, మరికొందరు. గ్రంథాలయం వెనక గదిలో కూడుతారు. మాస్టారు ఉద్యోగ విరమణ చేశాక మొదలైన తరగతి కనుక, అక్కడ ఏం జరుగుతుందో భుజంగరావుకు తెలియదు. ఆయన పుస్తకాల్లోంచి ఏదో ఒక పుట చదివి, దాని సొగసు విప్పి చెబుతారనుకున్నాడు. తాను చేసేదీ అదే.

మాస్టారు వట్టి చేతులతో వచ్చారు. సుద్దముక్క తీసుకుని, "కూతురు పోయిన తల్లి. ఆవిడ గురించి నాకొక వాక్యం కావాలి. చాలా రోజులుగా రావడం లేదు" అన్నారు.

భుజంగరావు ఉలిక్కిపడ్డాడు. అచ్చయిన పుస్తకం గురించి పెదవి విప్పని మనిషి, ఇంకా పుట్టని పుస్తకాన్ని పదిమంది ముందు పెడుతున్నారు.

ఆయన నల్లబల్ల మీద రాశారు: ఆమె దుఃఖం సముద్రమంత.

"మాస్టారూ, సముద్రం దాకా మా బస్సు పోదండి" అన్నాడు సింహాచలం. గదంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు, కోపగించనూ లేదు. వాక్యానికి అడ్డంగా గీత గీసి, దాని కింద రాశారు: ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళలో నీళ్ళు ఇంకిపోయాయి.

"ఏటి మాస్టారూ! మొన్న నేనిలాగే రాస్తే కొట్టీసినారు కదా?" అంది నూకరత్నం.

"కొట్టేశాను. ఇదీ అదే" అని, ఆవిడ కాగితం మీద గీసినంత గట్టిగానే గీశారు. మూడోది రాశారు. ఈసారి ఎవరూ ఏమీ అనకముందే తానే గీసేశారు. నాలుగోది సగంలో ఆపేశారు.

భుజంగరావుకు లేచి తలుపు మూసేద్దామనిపించింది. దారిన పోయేవాళ్ళెవరైనా చూస్తే మాస్టారి పరువేం కాను? ఆయన మాత్రం బల్లవైపు తిరిగి అలాగే నిలబడిపోయారు. మెడ మీద చెమట పట్టింది. సుద్ద పట్టుకున్న చేయి రెండుసార్లు లేచి, రెండుసార్లూ దిగిపోయింది. నవ్వినవాళ్ళే ఇప్పుడు ఆయన వీపు వైపు చూస్తున్నారు.

అప్పుడాయన, తొందరపడకుండా, రాశారు: మైల తీరిన మర్నాడు ఆమె అరచేతిలో ఇద్దరి తలలకు సరిపడా నూనె ఒంపుకుంది.

నూకరత్నం చేయి తన జడ మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. దేనికైనా ఒక మాట అంటించే సింహాచలం, చాపుకున్న కాళ్ళు వెనక్కి తీసుకుని నిటారుగా కూర్చున్నాడు. మాస్టారు నాలుగడుగులు వెనక్కి వచ్చి, అందరితోపాటు తానూ మొదటిసారి చదువుతున్నట్టు ఆ వాక్యం చదివారు. ఇలాంటి వాక్యాలు ఆయన పుస్తకాల్లో భుజంగరావు ఎన్నో చదివాడు. అవి అలాగే, అంత నిండుగా, ఆయన చేతిలోకి వచ్చి ఉంటాయనుకున్నాడు. లేని వాక్యం ఉన్నదైన క్షణాన అదే గదిలో తానుండడం అతనికి ఇదే మొదలు. తన చేతులు జోడించి ఉన్నాయని కాసేపటికి గాని తెలియలేదు.

"ఇక మీ కాగితాలు తీయండి" అన్నారు మాస్టారు. ఆ రోజు ఎవరూ కలం పట్టుకుని ఆలోచిస్తూ కూర్చోలేదు. ఆయన తన దగ్గరికి వచ్చేలోపే నూకరత్నం తన మొదటి వాక్యాన్ని తానే కొట్టేసుకుని, రెండోది మొదలుపెట్టింది.

బయటికి వచ్చాక మాస్టారు అడిగారు: "నువ్వు నీ పిల్లల ముందు ఎప్పుడైనా ఇలా నిలబడ్డావా?"

"లేదండి. అచ్చయినవే చదివి వినిపిస్తాను."

"ఊఁ. బస్సు వేళవుతోంది, నడు" అన్నారు ఆయన.

సోమవారం భుజంగరావు రాజీనామా ఇవ్వలేదు. తరగతిలోకి వెళ్ళి, సుద్దముక్క అందుకుని, తన సొంత వాక్యం ఒకటి నల్లబల్ల మీద రాశాడు. పిల్లలు మొదట మర్యాదకు ఊరుకున్నారు. తరవాత ఒకమ్మాయి ధైర్యం చేసి, "సార్, ఇది బాగాలేదు సార్" అంది. ఆ పిల్లలు చాలాకాలం నవ్వారు. వానాకాలం వచ్చాక, ఆగిపోయిన అధ్యాయం తాలూకు వాక్యం ఒకటి ఆ నల్లబల్ల మీదికే వచ్చింది. ఆ వేళ నవ్వు వినిపించలేదు. అతను దాన్నీ, అది పిల్లల ముందు ఎలా వచ్చిందో కూడా ఉత్తరంలో రాసి మాస్టారికి పంపాడు. ఇది నిలుస్తుందో లేదో దయచేసి చెప్పమని అడిగాడు.

ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. ఏడాది తరవాత సాలూరు వెళ్ళినప్పుడు నూకరత్నం అతనికి చెప్పింది. మాస్టారు దాన్ని లేచి నిలబడి చదివారట. రెండోసారి కూడా నిలబడే చదివారట.

"కార్డు తెమ్మంటారా మాస్టారూ? జవాబు రాయరా?" అని ఆవిడ అడిగిందట.

"వద్దమ్మా. అది పుట్టినప్పుడు చూసినవాళ్ళు అక్కడ గది నిండా ఉన్నారు" అన్నారట ఆయన.