దాలమ్మ అడ్డపొగ తీర్మానం

కూర్మదాసు గారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెప్తారు. ఆత్మ ఎక్కడుంటుందో అడగడానికి పోయి రెండు కుంచాల చోళ్లు, అవే రాగులు, తిరగలిలో విసిరి వచ్చినవాళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. జవాబు దొరికిందా అంటే కొందరు దొరికిందంటారు, కొందరు చేతులు నొప్పెట్టాయంటారు. అందుకే కొత్తపాకల సర్పంచి దాలమ్మ ఆ మధ్యాహ్నం ఆయన పాకలో అడుగు పెడుతూనే, "పనేదైనా ఉంటే ముందే సెప్పండయ్యా, సేసేసి కూకుంటాను" అంది.

"ముందు కూర్చో తల్లీ" అన్నారాయన.

దాలమ్మ వెంట మనవరాలు యామిని కూడా వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల. తల్లీతండ్రీ జీడిపిక్కల ఫ్యాక్టరీకి పోతే దానికి మామ్మే లోకం, మామ్మకు అదే లోకం. దాలమ్మ సొంత అక్క చుట్ట తాగి తాగి అంగిట్లో పుండు పుట్టి, పట్నం ఆసుపత్రిలో సగం దవడ తీయించుకుని, మూడు నెలలు గంజినీళ్ల మీద బతికి పోయింది. ఆ చావు కళ్లారా చూసి వచ్చాక, ఈ పిల్ల మొహం చూసి, దాలమ్మ పంచాయతీలో ఒక తీర్మానం రాయించింది.

ఈ ఉగాదికి పదేళ్లు నిండని పిల్లలకు ఊళ్లో ఏ కొట్టువాడూ చుట్ట గాని, బీడీ గాని, సిగరెట్టు గాని అమ్మకూడదు. ఇప్పుడే కాదు, వాళ్లకు యాభై ఏళ్లొచ్చినా అమ్మకూడదు. ఇప్పటికే తాగుతున్నవాళ్ల జోలికి ఎవరూ పోరు, వాళ్లతోనే ఆ అలవాటు పోతుంది. కుర్రకారు వేప్ అంటూ జేబుల్లో దాచుకు తిరిగే ఆ మామిడిపండు వాసన గొట్టాలు మాత్రం ఏ వయసువాడికీ అమ్మడానికి వీల్లేదు. తీర్మానం అంతే. మర్నాడే గ్రామసభ.

కొట్టు తవిటినాయుడు ఊరుకుంటాడా? "సర్పంచమ్మ నోట్లో కుంపటి, ఊరికేమో నీతులు! ముందు ఆవిడ మానమనండి, తర్వాత మనం చూద్దాం" అన్నాడు రచ్చ దగ్గర. ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. నవ్వదూ మరి! దాలమ్మ అడ్డపొగ మనిషి. ఆ తీరంలో ఆడవాళ్లు చుట్టను తిరగేసి, నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని తాగుతారు. సముద్రపు గాలికి ఆరదు, నెత్తిన తట్ట ఉన్నా చేత్తో పట్టుకోనక్కర్లేదు. మానేస్తానని దాలమ్మ మూడుసార్లు ఒట్టు పెట్టుకుంది. ఒకసారి పదకొండు రోజులు ఆగింది కూడా. పన్నెండో రోజున ఆమె చిరాకు భరించలేక ఇంట్లోవాళ్లే దండం పెట్టి చుట్ట చేతికిచ్చారు.

"అందుకే అయ్యా, రేపు ఆ కాయితం ఎనక్కి తీసేసుకుందామనుకుంటన్నాను" అంది. "నాను తాగతా, ఇంకోల్లని తాగొద్దనడానికి నాకు మొకమెక్కడిది?"

కూర్మదాసు గారు ఆమె చేతి వైపు చూశారు. "చుట్ట వేళ దాటినట్టుంది. చెయ్యి మాటిమాటికీ చెంగు ముడి మీదికి పోతోంది. తాగి మాట్లాడు" అన్నారు.

గురువు ఎదటా! దాలమ్మ గబగబా లెంపలేసుకుంది. ఆయన మళ్లీ అదే మాట అన్నారు. సరే, ఈ వేళ తనకు చెప్పిన పని ఇదే కాబోలనుకుని చెంగు ముడి విప్పి చుట్ట తీసింది. అగ్గిపెట్టె వెతుక్కోలేదు, ఆమెకు ఆ అలవాటే లేదు. "ఒలే గుంటా, ఇది ముట్టించి తే" అని మనవరాలి చేతిలో పెట్టింది. ఆ ఊళ్లో ముసలమ్మలంతా చేసేదే అది. ముట్టించడం వేరు, తాగడం వేరు అని వాళ్ల నమ్మకం. పొయ్యిలో కొస పెట్టి, అంటుకునేదాకా రెండు దమ్ములు లాగి తెచ్చిస్తే అది పెద్దలకు పిల్లలు చేసే చిన్న సాయం, అంతే.

వంటపాక పెరటి చివర ఉంది. మధ్యలో యాభై బారల ఇసుక, దాని మీద హోరున గాలి. యామిని పరుగున పోయింది, మెల్లిగా నడిచి వచ్చింది. రెండు చేతులూ ఖాళీ. పెదవులు బిగించి ఉన్నాయి. వాటి మధ్య నుంచి చుట్ట చల్లని కొస ఒక్కటే బయటికి కనబడుతోంది.

దాలమ్మ రెండు చేతులూ చాచింది. "ఓలమ్మో! నిప్పు నోట్లో ఎట్టుకున్నావేటే!"

పిల్ల చుట్ట తీసి మామ్మ చేతికిచ్చి, బూడిద పక్కకు ఉమ్మేసింది. దగ్గు లేదు, కంట నీరు లేదు. "గాలికి ఆరిపోద్ది కదే మామ్మా. ఎప్పుడూ ఇలాగే తెత్తాను" అంది, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ.

ఇంటి దగ్గరైతే గుమ్మం దాటేలోపు తీసి చేత్తో పట్టుకునేది కాబోలు, దాలమ్మ ఏనాడూ చూడలేదు. చూడాలనుకుంటే కదా కనబడడానికి! ఆమె పిల్ల గడ్డం పట్టుకుని నోరు తెరిపించి, వెలుతురుకు తిప్పి చూసింది. అంగిలి ఎర్రగా కమిలి ఉంది. చుట్ట చేతిలోంచి జారి ఇసుకలో పడింది. దాలమ్మ పిల్లను ఒళ్లోకి లాక్కుని, గురువు ఉన్నారని కూడా చూడకుండా భోరున ఏడ్చింది.

"దీనికి కొట్టోడు అమ్మలేదయ్యా. నానే ఇచ్చినాను. నా సేత్తో నానే ఇచ్చినాను."

ఆయన ఓదార్చలేదు. ఏడవనిచ్చారు. చాలాసేపటికి ఆమె ముక్కు తుడుచుకుని, "పిల్లల సేత ముట్టించకూడదని కాయితంలో ఇంకో ముక్క రాయించాల" అంది. లేచి నిలబడింది. పిల్ల చెయ్యి పట్టుకుని రెండడుగులు వేసి, మళ్లీ ఆగిపోయింది.

"అయినా అయ్యా, తవిటినాయుడు రేపు నలుగుర్లో అడక్క మానడు. నానింకా మానలేదు కదా. ఆడికేటని సెప్పను?"

కూర్మదాసు గారు అప్పటికే చేట ముందుకు లాక్కుని చోళ్లలో రాళ్లు ఏరుతున్నారు. తలెత్తకుండానే అన్నారు:

"ఈ పిల్లకు చుట్ట నేర్పేటప్పుడు, నువ్వు మానేదాకా ఆగావా తల్లీ?"