కావు కబురులో దాచిన గింజలు

కొంచెం దగ్గరికి జరగండి నాన్నా, గాలికి నా మాట వినబడదు. అనగనగా, కొండకీ ఏటికీ మధ్య ఒక చిక్కటి అడవి ఉండేదట. అక్కడ కానుగ చెట్టు తొర్రలో సింగారి అనే ఉడుత కాపురం ఉండేది. పొద్దున్నే లేచి సూర్యనారాయణమూర్తికి రెండు చేతులూ జోడించి దండం పెట్టుకునేది. ఆ వెంటనే గింజల కోసం పరుగు. ఎండాకాలమంతా ఏరి ఏరి తొర్ర నింపింది. ఎందుకంటే వానలు మొదలైతే ఆ అడవిలో గింజ దొరకదు. సింగారికి ముగ్గురు పిల్లలు. తొర్ర దాటి బయటికి రావడం వాళ్ళకింకా చేతకాదు.

ఆ అడవిలో కాకులు ఒక మంచి ఏర్పాటు చేశాయి. దాని పేరు కావు కబురు. సింగారికి ఏటి అవతల ఉన్న పిచ్చుక దగ్గర దూది కొనాలనుందనుకోండి. గింజలు మోసుకుని ఏరు దాటక్కర్లేదు. ముందే కొన్ని గింజలు కాకుల దగ్గర ఉంచుకుంటే సరి. దగ్గర్లో ఉన్న కాకితో, "పిచ్చుకకి నా లెక్కలో గుప్పెడు ఇప్పించు" అంటే చాలు. అది "కావ్" అనేది. అది విని ఇంకో కాకి "కావ్", ఆపైన ఇంకొకటి "కావ్". రెప్పపాటులో ఏటి అవతల కాకి పిచ్చుక ముందు గింజలు పోసేది.

ఎవరి లెక్క ఎవరిదో కాకులకెలా తెలుసంటారా? గొంతుని బట్టి. ఒకరి గింజలు ఇంకొకరు అడిగితే చచ్చినా ఇచ్చేవి కావు. నిజాయితీ గల కాకులే, పాపం.

సింగారికి ఇదంతా భలే నచ్చింది. ఒకనాడు పక్కింటి తాబేలు నాంచారమ్మతో అంది. "పెద్దమ్మా, తొర్రలో ఉన్న గింజలన్నీ కావు కబురులో వేసేస్తున్నా. పిల్లలు ఆడుకోవడానికి చోటు మిగులుతుంది."

"అన్నీనా?" అంది నాంచారమ్మ. "సంతకి సరిపడా గుప్పెడు అక్కడుంటే బాగానే ఉంటుంది తల్లీ. వానాకాలం తిండి మాత్రం చీమల కొట్టులో వెయ్యి. వానలు వెళ్ళాక నాలుగు గింజలు ఎక్కువే ఇస్తాయి. కొట్టు కూలిపోయినా మన గింజలు మనకిప్పిస్తానని అడవి పెద్ద ఏనుగు తాత పూచీ ఉంది. పైగా ఏదైనా తేడా వస్తే, ఎదురుగా కూర్చుని మాట్లాడడానికి ఒక చీమంటూ ఉంటుంది."

"అమ్మో, ఆ చీమల వరుసా! ఒక్కో గింజనీ వాసన చూసి, తిప్పి చూసి, మళ్ళీ వాసన చూసి! నీకేం పెద్దమ్మా, నీ నడకకి ఆ వరుస కూడా పరుగులాగే ఉంటుంది."

నాంచారమ్మ నవ్వేసింది. "నా నడకని ఎంతైనా వెక్కిరించు. సగమైనా తొర్రలో ఉంచుకోవే."

"సగమెందుకు? కావ్ అంటే వచ్చేస్తాయిగా!"

కాకుల పెద్ద కాటుకయ్య ఎదురొచ్చి మరీ ఆహ్వానించాడు. "రావమ్మా కోడలు పిల్లా! మా దగ్గర పురుగు పట్టదు, ఎలుక ముట్టదు."

"చీమల్లాగా మీరూ నాలుగు ఎక్కువిస్తారా మామా?"

"అబ్బే, దాచిపెట్టి పెంచడం వాళ్ళ పని. ఇక్కడివి అక్కడికి పంపడం మా పని."

ఆ మాట సింగారి చెవిన పడింది గానీ మనసులోకి దిగలేదు. ఆఖరి గింజ దాకా మోసుకెళ్ళి ఇచ్చేసింది.

వానలు వచ్చాయి. మామూలు వానలా! తొర్రలోకి జల్లు కొడుతుంటే సింగారి ఆకులు అడ్డం పెడుతూ నిలువునా తడిసింది. తుమ్ములు, దగ్గు. గొంతు బొంగురుపోయింది. గుప్పెడు గుప్పెడుగా తెప్పించుకున్న తిండి అయిపోయింది. అలాగే దగ్గుకుంటూ పక్క చెట్టు మీద కాకి దగ్గరికి వెళ్ళింది.

"కాకి బావా, నా లెక్కలోంచి బుట్టెడు గింజలు ఇప్పించు."

కాకి ఉలిక్కిపడింది. "ఎవరూ? కప్ప గారా?"

"కప్పని కాదు, సింగారిని!"

"సింగారి గొంతు నాకు తెలీదా? ఆవిడ ఎప్పుడూ గుప్పెడే అడుగుతుంది. బుట్టెడు అడుగుతున్నావంటే నువ్వెవరో దొంగవి!" అని మెడ ఎత్తి అరిచింది. "కావ్! సింగారి లెక్కకి ముడి వేశాం! ఎవరూ గింజ ఇవ్వకండి!"

ఇంకేముంది, రెప్పపాటులో అడవంతా ముడి పడిపోయింది.

సింగారి మోదుగ చెట్టు కాకి దగ్గరికి పరిగెత్తింది. "మీ బాధ విన్నాం. ఎంతో చింతిస్తున్నాం. ఇప్పచెట్టు మీద అడగండి" అంది ఆ కాకి. ఇప్పచెట్టు కాకి, "మీరు మాకెంతో కావలసినవారు. కాస్త ఆగండి" అని, రెక్కలో తల దూర్చి నిద్రపోయింది. పోనీ కాటుకయ్యని అడుగుదామంటే, వానలు తగ్గేదాకా కొండ అవతలే ఉంటాడట.

తడిసి ముద్దయి ఇంటికొచ్చింది. పిల్లలు చుట్టుకున్నారు.

"అమ్మా, గింజలేవీ?"

"కాకుల దగ్గర ఉన్నాయి నాన్నా. బోలెడున్నాయి."

చిన్నది ఆలోచించి అడిగింది. "మరి మన పొట్టలు ఇక్కడున్నాయి కదమ్మా?"

సింగారి పిల్లల్ని ఒళ్ళోకి తీసుకుని, "స్వామీ, నా తొందరకి వీళ్ళని పస్తు పెట్టకు" అని కళ్ళు మూసుకుంది.

అప్పుడు చెట్టు కింద నుంచి ఎవరో దగ్గిన చప్పుడు. "దిగి రావే సింగారీ! నేను పైకి ఎక్కలేనని తెలుసుగా!"

నాంచారమ్మ! వీపు మీద గింజల మూట.

"అడవంతా నీ పేరే కావ్ కావ్ మంటుంటే విని, చీమల కొట్టుకి వెళ్ళొచ్చాను. నాకూ గొంతు పట్టేసింది చూడు. నా లెక్క చూసే చీమ ముఖం చూసింది, వాసన చూసింది. పక్కనున్న ఉడుముని, 'ఈవిడ నాంచారమ్మేనా?' అని అడిగింది. 'ఆ నడక ఇంకెవరికుంటుంది!' అన్నాడు వాడు. కొలిచి ఇచ్చేసింది. ఆలస్యమైందనుకో, కానీ గింజలు వచ్చాయా లేదా?"

సింగారికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పిల్లలు కరకరలాడిస్తూ తిన్నారు. నాంచారమ్మ ఆ మూటతోనే వాళ్ళని గట్టెక్కించింది. సింగారి చేత తులసాకులు నమిలించింది కూడా.

వాన వెలిసింది. సింగారికి గొంతు తిరిగొచ్చింది. కాటుకయ్య కూడా వచ్చాడు. ముడి విప్పి, కుప్ప చూపించి ఛాతీ విరుచుకున్నాడు. "చూశావా కోడలు పిల్లా! ఒక్క గింజ తగ్గలేదు. ఎవడో దొంగ గొంతుతో వస్తే మావాళ్ళు తరిమేశారట కూడా!"

"భద్రంగానే కాపాడావు మామా," అంది సింగారి మెల్లగా. "నా పిల్లల నుంచి కూడా కాపాడావు."

కాటుకయ్య ముక్కు కిందికి వాలిపోయింది. "ఆ వచ్చింది నువ్వేనా! తప్పయిపోయింది తల్లీ. మేం కబురు మోసేవాళ్ళం. కడుపు నింపే కొట్టు కాపలా మాకు తెలీదు. పట్టుకెళ్ళు."

సింగారి ఒక్క గుప్పెడు అక్కడే వదిలేసింది. "ఇది ఉండనీ మామా. దూది కొనుక్కోవాలిగా!" అని నవ్వి, మిగతాదంతా మూటకట్టుకుని చీమల వరుసలో నిలబడింది. ఆ వరుస ఎంతకీ కదలదు! అయినా సింగారి విసుక్కోలేదు. తన గింజని చీమ వాసన చూస్తుంటే, "ఇంకోసారి చూడమ్మా, నాకేం తొందర లేదు" అంది.

నీతి: చేతి ఖర్చుకి కావలసినది ఇట్టే పంపగలిగిన చోట ఉంచుకో, కష్టానికి దాచుకున్నది మాత్రం పూచీ ఉన్న చోట, ముఖం చూసి జవాబు చెప్పేవాళ్ళున్న చోట దాచుకో.