కారు చుట్టూ విభూది

పొద్దున లేవగానే దేవుడి పటం కంటే ముందు కారు అడుగు చూడటం శేషఫణికి అలవాటైపోయింది. చూసిన ప్రతిసారీ అక్కడ నల్లటి మరక ఉండేది. నిన్నటిది తుడిస్తే ఇవాళ్టిది.

అది కల్యాణదుర్గం దాటాక ఒక కొండ వారగా ఉన్న చిన్న ఆశ్రమం. కారు పాతది. దాన్ని స్వామికి ఇచ్చిన భక్తుడి మనవడు కూడా ఇప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుంటున్నాడు. చుట్టుపక్కల ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరిని పాము కరిచినా ఆస్పత్రికి అదే దిక్కు. దాన్ని ఏళ్ళ తరబడి నడిపింది ఓబులేసు. నా అన్నవాళ్ళు లేని మనిషి. ఆశ్రమంలోనే తిని, కారు పక్కనున్న చావిట్లో పడుకునేవాడు.

శేషఫణి గుంతకల్లులో మోటారు సామాన్ల కొట్టు నడిపి, దాన్ని కొడుకులకు అప్పజెప్పి, పూర్ణప్ప స్వామి దగ్గర జ్ఞానం నేర్చుకుందామని వచ్చినవాడు. జ్ఞానం సంగతి అలా ఉంచితే, కారును చూశాక అతని చెయ్యి ఊరుకోలేదు. ఇంజిన్ గురించి తెలిసిన మనిషి ఉండగా తాళంచెవి ఇంకొకరి చేతిలో ఎందుకని దసరా ముందు స్వామిని అడిగాడు. స్వామి సరేనన్నారు. ఓబులేసు తాళంచెవిని పంచె అంచుతో తుడిచి ఇచ్చాడు.

దసరా వెళ్ళింది. మరక మొదలైంది.

ఇక లాభం లేదని శేషఫణి స్వామి దగ్గరికి వెళ్ళేసరికి, ఆయన వసారాలో కూర్చుని శెనక్కాయలు ఒలుస్తున్నారు.

“స్వామీ, కారు కింద ఆయిలు కారతాండాది.”

“ఎక్కడనించి?”

“కిందనించి.”

“ఏదైనా కారేది కిందికే కదప్పా. ఎక్కడనించి అని అడిగినా.”

“ఎక్కడనించి అనేది కాదు స్వామీ, ఎవురివల్ల అనేది చూడాల. తాళంచెవి ఓబులేసు దగ్గరున్నన్నాళ్ళూ చుక్క కారలేదు. నా చేతికొచ్చినాకే కారతాండాది. కడుపుమంటతో ఏందో చేసినాడు. అట్లాంటి మనిషి ఆశ్రమంలో ఉండకూడదు.”

“ఉండకపోతే యాడికి పోతాడు?”

“అది నాకెట్ల తెలుస్తాది స్వామీ.”

స్వామి ఒక కాయ ఒలిచి, గింజలు గిన్నెలో వేసి, పొట్టు పక్కన పడేశారు.

“సరే. ముందు లీకు పట్టుకో. దాంట్లో ఎవురి చెయ్యి ఉంటే వాళ్ళు గేటు దాటుతారు.”

ఓబులేసు అప్పుడే నీళ్ళ బిందె తెచ్చి వసారాలో దించుతున్నాడు. విన్నాడు. బిందె మీద మూత పెట్టి వెళ్ళిపోయాడు. ఆ పూటే తనకున్న రెండు పంచెలూ ఒక దుప్పటీ మూట కట్టి చావిడి గూట్లో పెట్టుకున్నాడు. అది హనుమక్క కంటపడింది. ఆశ్రమంలో వంట ఆమెదే. ఆ రోజు అతనికి ముద్ద ఒకటి ఎక్కువ పెట్టింది గానీ, అతను తినలేకపోయాడు.

శేషఫణి కారు కిందికి దూరాడు. చుక్క ఇంజిన్ అడుగున ఉన్న ఆయిలు ఛాంబరుకు వేలాడుతోంది కాబట్టి, ఛాంబరు ప్యాకింగు మార్చాడు. కారింది. బోల్టు వాషరు మార్చాడు. కారింది. కొడుకు చేత గుంతకల్లు నుంచి ఏదో జిగురు ముద్ద తెప్పించి అడుగంతా మెత్తాడు. చుక్క ఆ ముద్దను కూడా దాటుకుని వచ్చి, కాసేపు వేలాడి, అతని ముక్కు మీద పడింది.

చుక్కలు పట్టడానికి వంటింట్లోంచి ఒక తాంబాళం ఎత్తుకొచ్చాడు. అది పులిహోర కలిపే తాంబాళమని హనుమక్క చెప్పేదాకా అతనికి తెలియదు. ఆమె చెప్పడం మాత్రం కొండ అవతలి ఊరికి కూడా వినిపించింది.

తగ్గిన ఆయిలు మళ్ళీ పోయాలి కదా. బానెట్ ఎత్తి, ఇంజిన్ మీదున్న మూత తీసి, భక్తిగా దణ్ణం పెట్టుకుని, పోసి, మూతను పళ్ళు బిగబట్టి తిప్పేవాడు. ఇంత బిగించేవాడు ఆశ్రమంలో ఇంకొకడు లేడని అతని నమ్మకం.

ఇంత చేసినా కారుతోందంటే ఎవడో రోజూ వచ్చి చెయ్యి పెడుతున్నట్టే. బానెట్‌కు గొలుసు చుట్టి తాళం వేశాడు. తాళం వేసింది వేసినట్టే ఉంది. మరక కూడా వచ్చింది వచ్చినట్టే ఉంది. అయితే కిందినుంచి దూరుతున్నాడన్నమాట.

ఓ సాయంత్రం విభూది గదిలోంచి జల్లెడ పట్టిన పిడకల బూడిద చేటెడు తెచ్చి, కారు చుట్టూ పలచగా చల్లాడు. దొంగ అడుగు పెడితే అచ్చు పడాలి.

తెల్లారి చూస్తే నిజంగానే అచ్చులున్నాయి. కొన్ని కోడివి. ఒకటి మాత్రం మనిషిది, పెద్ద పాదం. శేషఫణికి ఒళ్ళు పులకరించింది. చీపురుపుల్లతో కొలత తీసి, అందరినీ పిలిచి, ఓబులేసును ముందుకు రమ్మన్నాడు.

“పెట్టు కాలు.”

ఓబులేసు పక్కనే కాలు పెట్టాడు. అతని పాదం ఆ అచ్చులో సగానికి కొంచెం ఎక్కువ. శేషఫణి పుల్లను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఎటు తిప్పినా పుల్ల పొడవు మారలేదు.

స్వామి కూడా వచ్చి నిలబడి చూస్తున్నారు.

“నీ కాలు గూడా ఒకసారి పెట్టి చూడప్పా” అన్నారు.

శేషఫణి పెట్టాడు. అతికినట్టు సరిపోయింది. బూడిద చల్లుతూ చల్లుతూ తనే తొక్కాడు. హనుమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది.

స్వామి కిందికి వంగి చిటికెడు బూడిద తీసుకుని వేళ్ళ మధ్య నలిపారు.

“పొడి బాగుంది. చల్లిన చోటే తేడా.”

గొలుసు తీయించారు. ఓబులేసును కిరసనాయిలూ పాతగుడ్డలూ తెమ్మన్నారు. పంచె ఎగగట్టి, తానే గుడ్డ తడిపి ఇంజిన్ తుడవటం మొదలుపెట్టారు.

“అయ్యో, మీరెందుకు స్వామీ.”

“నువ్వు చిల్లులు మూస్తానే ఉండావు గానీ, మురికి మాత్రం తియ్యలేదప్పా. అందుకని.”

శేషఫణి సిగ్గుపడి ఇంకో గుడ్డ అందుకున్నాడు. ఏళ్ళ జిడ్డు పొరలు పొరలుగా వచ్చింది. మధ్యాహ్నానికి ఇనుము రంగు బయటపడింది. ఆ ఇంజిన్‌కు ఒక రంగుందని ఓబులేసు కూడా ఎప్పుడో మరిచిపోయాడు.

ఇంజిన్ బాగా ఆరాక స్వామి బూడిదను పలచని గుడ్డలో మూటగట్టి, పసిబిడ్డకు పౌడరు అద్దినట్టు పైనుంచి కిందిదాకా అద్దారు. ఇంజిన్ తెల్లగా, పరమ సాధువుగా తయారైంది.

“స్టార్టు చెయ్.”

శేషఫణి స్టార్టు చేసి, దిగి, దొంగను కళ్ళారా చూద్దామని ముఖం దగ్గరగా పెట్టాడు. ఫ్యాను తిరిగింది. అద్దిన బూడిదలో సగం లేచి అతని ముఖానికి కొట్టుకుంది. కనుబొమలు, మీసం, అన్నీ తెల్లబడ్డాయి. స్వామి మాత్రం ముందే పక్కకు జరిగారు.

కాసేపాగి ఇంజిన్ ఆపించారు. అందరూ వంగి చూశారు. తెల్లటి పూత మీద ఒకే ఒక్క నల్లటి తడి గీత ఉంది. దాని కొసన, ఛాంబరు అంచున, చుక్క వేలాడుతోంది.

స్వామి శేషఫణి చూపుడువేలు పట్టుకుని ఆ చుక్క దగ్గర పెట్టారు.

“ఇంక పైకి పో.”

వేలు ఛాంబరు దాటింది. కొత్త ప్యాకింగు దాటింది. ఇంజిన్ పక్కగా ఎక్కి, ఒక మలుపు తిరిగి, పైకొచ్చి, ఆయిలు పోసే మూత దగ్గర ఆగింది. మూత చుట్టూ తడి ఊరుతోంది.

“తియ్.”

శేషఫణి మూత తీశాడు. మూత కింద, ఆయిలు పోసే గొంతు చుట్టూ పసుపు దారం మూడు చుట్లు చుట్టి ఉంది. ఆయిలు పీల్చి నల్లగా ఉబ్బింది. దాని కొసలు గొంతు పక్కకు అంటుకుని ఉన్నాయి.

ఆయుధపూజ నాడు అందరూ స్టీరింగుకూ హారనుకూ అద్దాలకూ దారాలు కడుతుంటే, అసలు ప్రాణమున్న చోటికి పూజ అందలేదని శేషఫణికి తోచింది. మూత తీసి గొంతుకు దారం చుట్టి, గట్టిగా ముడివేసి, దాని మీదే మూత బిగించాడు. ఆనాటి నుంచి మూత దారం మీద కూర్చుంటోంది గానీ, తన చోట్లో కూర్చోవడం లేదు. ఆయిలు పోసినప్పుడల్లా అతను దణ్ణం పెట్టుకున్నది ఆ దారానికే.

“ఎవురి చెయ్యి ఇది?” అన్నారు స్వామి.

 ఓబులేసు ఒకసారి దారాన్ని చూశాడు, ఒకసారి శేషఫణిని చూశాడు. తాళంచెవి చేతులు మారిన రోజు నుంచి ఆ బానెట్ ఎత్తింది ఎవరో అతనికి తెలుసు.

“ఎవురో పాపం, భక్తి ఎక్కువైనోళ్ళు కట్టింటారు స్వామీ” అన్నాడు. “పండగ పూట ఎంతమందో వచ్చి పోయినారు. వాళ్ళు ఈపాటికే గేటు దాటింటారు.”

శేషఫణి చావిడి గూటి వైపు చూశాడు. మూట ఇంకా అక్కడే ఉంది.

“నా చెయ్యే స్వామీ” అన్నాడు. తాళంచెవి తెచ్చి స్వామి ముందు పెట్టి, తన సంచి తెచ్చుకోవడానికి గదిలోకి వెళ్ళాడు. సంచితో వచ్చేసరికి ఓబులేసు దారం తీసేసి, గొంతు శుభ్రంగా తుడిచి, మూత పెట్టి మామూలుగా తిప్పి వదిలేశాడు. తాళంచెవి అతని చేతిలో ఉంది.

“అనుకున్నట్టే కానిద్దాం” అన్నారు స్వామి. “ఓబులేసూ, ఈయప్పను గేటు దాటించు.”

ఓబులేసు కారు తలుపు తీసి పట్టుకున్నాడు. శేషఫణి సంచి ఒళ్ళో పెట్టుకుని తలవంచుకుని కూర్చున్నాడు. ఓబులేసు ఎక్కలేదు. స్వామి ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

“దాటించినాక స్వామీ?”

“దాటించినాక ఇద్దరూ బజారుకు పోయి హనుమక్కకు ఒక తాంబాళం కొనుక్కొని రాండి. పులిహోరకు పొద్దుపోతాది.”

శేషఫణి తలెత్తాడు. ముఖమంతా బూడిదే. ఆ తెలుపు మీద ఒక తడి గీత మీసం పక్కగా దిగి, గడ్డం అంచున చుక్కై వేలాడింది.

స్వామి కిటికీలోంచి వేలు పెట్టి ఆ చుక్క దగ్గర ఆనించారు. గీత వెంబడే మెల్లగా పైకి పోనిచ్చి, కంటి దగ్గర ఆపారు.

“దీన్ని మాత్రం బిగించొద్దులే అప్పా” అన్నారు. “కారనీ.”